మా లెక్కల మాస్టారు నిద్రించలేదు

మా పక్కింటి లెక్కల మాస్టారు పోయిన నెల చచ్చిపోయారు. ఈ మాట మొరటుగా ఉందని కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి, నా కోపం ముందు అదెంత. ఆయన కోరుకున్న మాట ఇదే. "నేను పోయాక 'ప్రభువునందు నిద్రించెను' అని మాత్రం రాయనివ్వకండి అక్కయ్యగారూ. మధ్యాహ్నం పూట కునుకైనా తియ్యని వాణ్ణి. చచ్చిపోయాడని రాయండి, లెక్క సరిపోతుంది" అని నాకు పదిసార్లైనా చెప్పి ఉంటారు. తీరా మల్కాజ్‌గిరిలో మా వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీద, ఆయన ఫొటో పక్కన, జానెడు అక్షరాలతో ఉన్నది ఆ మాటే.

మాస్టారు క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. కాలేజీ రోజుల్లోనే దేవుణ్ణి వదిలేశారు. క్రిస్మస్‌ను మాత్రం వదల్లేదు. డిసెంబరు రాగానే స్టూలెక్కి గేటు మీద కాగితం నక్షత్రం కట్టేవారు. ఆయన భార్యను నేను వదినగారూ అంటాను. ఆవిడ గులాబీ పువ్వులు వేయిస్తుంటే, అచ్చు పిండిలో అద్ది నూనెలో ముంచే పని ఆయనది. విరిగినవి తనే తినేసి, ఒక్కటీ విరగలేదనేవారు. పాటల బృందం వస్తే వాకిట్లో నిలబడి అందరికంటే గట్టిగా పాడేవారు. తెలుగు టీచరుగా చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆయన ఉచ్చారణలో ఒక్క తప్పుండేది కాదు. నమ్మేవాళ్ళే ఒత్తులు మింగేవారు.

"నమ్మకం లేనప్పుడు ఈ హడావిడంతా ఎందుకండీ?" అని ఓసారి అడిగాను.

"మీ మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రికి పరిగెత్తారు కదా. ఆ పిల్ల దేవుడనా?" అన్నారు.

మా ఇంట్లోవాళ్ళు ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన నాస్తిక మిత్రులూ తక్కువవారేం కాదు. ఓ ఏడాది వచ్చి, నక్షత్రం చూసి, "ఇది రాజీ పడటం మాస్టారూ" అని గంటసేపు క్లాసు పీకారు. ఆ గంటలోనే గులాబీ పువ్వుల డబ్బా ఖాళీ చేశారు. "రాజీ బాగా కరకరలాడిందా?" అని అడిగి మరీ సాగనంపారు మాస్టారు.

ఇక నా కోపం సంగతి. అల్వాల్‌లో ఉండే ఆయన తమ్ముడు చర్చిలో సంఘ పెద్ద. అంత్యక్రియలయ్యాక జరిగిన ఆదరణ కూడికలో మైకు పట్టుకుని, "ఆఖరి రోజున మా అన్నయ్య నా చెయ్యి గట్టిగా నొక్కి ప్రభువును అంగీకరించాడు" అన్నాడు. హాలంతా ఆమెన్ అంది.

ఆ రోజు ఆసుపత్రి గదిలో నేనూ ఉన్నాను. మాస్టారి ముఖానికి ఆక్సిజన్ మాస్కు. తమ్ముడు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ సెలైన్ గొట్టం మీద మోచెయ్యి ఆనించాడు. మాస్టారు నొక్కింది అందుకు. నేను ఆ మోచెయ్యి పక్కకు జరపగానే నొక్కడం మానేశారు. చావుబతుకుల్లో ఉన్న మనిషి "చెయ్యి తియ్యరా" అంటే దాన్ని మారుమనసు అని చదివిన మహానుభావుడు!

అంతకంటే కోపం నా మీద. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు ఎర్ర సిరాతో దిద్దినదాన్ని, ఆ హాల్లో నోరు మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున వదినగారు గోడ మీంచి పిలిచారు. "సమాధి రాయి నేరేడ్‌మెట్‌లో చెక్కుతున్నారట. మరిది దాని మీదా ఆ మాటే రాయిస్తున్నాడు."

ఫ్లెక్సీ అయితే నాలుగు వానలకు చిరుగుతుంది. రాయి చిరగదు.

"మీరు నమ్ముతారుగా, మీకు బాగానే ఉంటుందేమో" అన్నాను పుల్లవిరుపుగా.

"నేను నమ్ముతాను. ఆయన నమ్మలేదు. నలభై ఏళ్ళు ఆ సంగతి మీదే పోట్లాడుకున్నాం. ఇప్పుడు ఆయనకు నోరు లేదని నన్ను గెలవమంటారా?" అంటూ ఆవిడ చెప్పులు తొడుక్కున్నారు.

ఆటోలో వెళ్ళాం. నల్లరాయి మీద మాస్టారి పేరు అప్పటికే చెక్కేశారు. దాని కింద ఆ మాట సుద్దముక్కతో రాసి ఉంది.

"కాస్త ఆగు బాబూ, అది చెక్కకు" అన్నారు వదినగారు.

రాయి చెక్కేవాడు బిత్తరపోయాడు. "ఏందమ్మా, తప్పు పడ్డదా? గీ మాట అందరికీ గిట్లనే రాస్తం."

"మాట మంచిదే. ఈయనది కాదు." తడిగుడ్డ తీసుకుని ఆవిడే తుడిచేశారు.

"మరేం రాయాలె?"

చచ్చిపోయాడు అని చెప్పబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాను. వదినగారు సుద్దముక్క అందుకుని, రాయి మీదికి వంగి, మెల్లగా రాశారు: మరణించారు.

"గంతేనా? వాక్యం గిట్ల ఏం వద్దా అమ్మా?"

"అంతే. చెక్కు."

ఉలి దెబ్బ పడింది. ఒక్కో అక్షరం లోతవుతున్నకొద్దీ అందులో తెల్లటి రాతిపొడి నిండుతోంది. వదినగారు రాయి పక్కనే నేల మీద చతికిలబడ్డారు. పొడి కళ్ళలో పడుతున్నా లేవకుండా, పమిట కొంగుతో ఆ అక్షరాలను తుడుస్తూనే ఉన్నారు.