అక్క బుగ్గల ఎరుపు

ప్రాణం పోతే ముఖం పాలిపోతుందంటారు. మా అక్క ముఖం పాలిపోలేదు. అప్పుడే నలుగు పెట్టి నీళ్లు పోసినట్టు ఎర్రగా ఉంది. ఆ ఎరుపు మా అమ్మను ఏళ్ల తరబడి మోసం చేసింది.

డెబ్బైల్లో మేం హార్బరు దగ్గర రైలుపట్టాల వెనక ఉండేవాళ్లం. నాన్న పోర్టులో కళాసీ. గూడ్సు బండ్ల నుంచి రాలిన బొగ్గు ఏరుకొచ్చి వాడంతా పొయ్యిలు వెలిగించేది. అక్క పురుడు చలికాలంలో వచ్చింది. బాలింతకు గాలి సోకకూడదని అమ్మ కిటికీ సందుల్లో పాతచీర పేలికలు కుక్కింది. కుంపటి పెరట్లో రాజేసి, పొగంతా పోయాకే గదిలోకి తెచ్చి మంచం పక్కన పెట్టేది. పొగకు భయపడాలని ఆమెకు తెలుసు. పొగ లేని నిప్పును ఎవరు మాత్రం అనుమానిస్తారు? ఒక రాత్రి పసివాడు ఏడుస్తుంటే, అక్కకు కాస్త నిద్ర పట్టనిద్దామని అమ్మ వాణ్ని తీసుకుని తలుపు దగ్గరకు వేసి ముందు గదిలో పడుకుంది. వాడు అలా దక్కాడు.

తెల్లారగానే జాలరిపేట నుంచి మాకు చేపలు తెచ్చే అప్ప వచ్చింది. పాలు పడతాయని సొరచేప తెమ్మన్నది అమ్మే. అప్ప గంప దించి, గదిలోకి తొంగిచూసింది.

“బాలింతరాలి బుగ్గలు సూడు, ఎంత ఎర్రగున్నాయో,” అంది.

అమ్మ మురిసిపోతూ లేపబోయింది. అక్క లేవలేదు.

దిష్టి కొట్టిందన్నారు చుట్టుపక్కల వాళ్లు. అమ్మ నమ్మింది. అప్పను మళ్లీ మా గుమ్మం తొక్కనివ్వలేదు. అప్ప కూడా ఒక్క మాటా ఎదురు చెప్పకుండా, మా వీధికి రావడమే మానేసింది.

నేను కాలేజీలో చేరాక ఒకరోజు రక్తం గురించి పాఠం. రక్తం ఊపిరితిత్తుల్లో ప్రాణవాయువును పట్టుకుంటుంది, ఒంట్లో అవసరమైన చోట వదిలిపెడుతుంది. ఆ వదలడంలోనే మన బతుకంతా ఉందన్నారు మాస్టారు. మూసిన గదిలో బొగ్గు కాలితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుంది. అది ప్రాణవాయువు చోటు ఆక్రమించి ఓ పట్టాన వదలదు. మిగిలిన కాస్త ప్రాణవాయువునూ ఒంటికి సరిగా అందనివ్వదు. అలా పోయినవాళ్ల ఒళ్లు ఒక్కోసారి ఎర్రగా ఉంటుందని ఆయన చెబుతుంటే నాకు అక్క బుగ్గలు గుర్తొచ్చాయి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చాను. ఏటయిందని అమ్మ అడిగితే కడుపునొప్పన్నాను. నాకు అసలే నోరు ఎక్కువ. ఆ ఒక్క మాట మాత్రం గొంతు దాటలేదు. నీ చేత్తోనే పెట్టావని కన్నతల్లికి ఎలా చెప్పను?

తర్వాత ఊరవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నేను పురిటికి వచ్చాను. అదే గది. అవే పేలికలు. నా కూతురు పక్కలో ఉంది. అమ్మ కుంపటి పట్టుకుని లోపలికి వచ్చింది. ఉక్కపోస్తోందన్నాను, వినలేదు. వద్దని కసిరాను, బాలింత చాదస్తం అనుకుంది. కుంపటి నేల మీద పెట్టబోతుంటే ఇక ఆగలేక అంతా చెప్పేశాను.

అమ్మ చాలాసేపు కుంపటి దించలేదు. చేతులు కాలుతున్నాయేమోనని నాకు భయమేసింది.

“పొగ నేదు కదే,” అంది చివరికి.

అంతే. కుంపటి పెరట్లోకి తీసుకెళ్లి నీళ్లు కుమ్మరించింది. కిటికీ పేలికలు ఒక్కొక్కటీ లాగేసింది. తర్వాత చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. చెప్పినందుకు నన్ను నేను తిట్టుకుంటూ, కూతురి ఊపిరి వింటూ పడుకునేదాన్ని.

బిడ్డకు మూడో నెల వచ్చాక అమ్మ దాన్నెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని జాలరిపేట వెళ్లింది. అప్ప ముసలిదైపోయింది. అమ్మ బిడ్డను ఒళ్లో పెట్టబోతే చటుక్కున ముఖం తిప్పుకుంది. అక్క పోయినప్పటి నుంచి ఎవరి పసిబిడ్డనూ చూడదట, సొంత మనవల్ని కూడా. తన కళ్లే చంపాయని ఆమె కూడా నమ్మింది.

అమ్మ ఇసుకలో ఆమె ముందు కూలబడింది.

“సూడప్పా,” అంది. “నీ కళ్లు కాదు. నా కుంపటి.”