గ్రీకు ముక్కలు, మా ముత్తాత పాట

ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత ఇంగ్లీషు పుస్తకాన్ని ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ వెళ్లే బస్సులో చదివేవాణ్ణి. రెండు వేల ఏళ్లకు పైగా వెనక బతికి, రాసినదంతా పోగొట్టుకున్న గ్రీకు రచయితల గురించిన పుస్తకం అది. ఒకాయన బోలెడు నాటకాలు రాశాడు, ఒక్కటీ లేదు. ఎవరో భోజనప్రియుడు చేపల గురించి రాస్తూ ఆయన వాక్యం ఒకటి వాడుకున్నాడు కాబట్టి అదొక్కటి మిగిలింది. జన్మంతా రాస్తే చివరికి చేప. ఇంకొకరి పద్యాలున్న కాగితాన్ని ఈజిప్టులో శవానికి చుట్టారు, అందుకని ఆ పద్యాలు బతికాయి. మాటలు పోయిన చోటల్లా అచ్చులో బ్రాకెట్లు, వాటి మధ్య చుక్కలు.

అలాంటి కవి మా ఇంట్లోనూ ఉన్నాడు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. అమ్మోరు ఓడెక్కి సముద్రం దాటిన కథను పాట కట్టాడు. ఇప్పుడు మా వాళ్లందరికీ వచ్చింది ఒక్క చరణమే. ఓడ దిగిన అమ్మోరు ఙపి వాసనకు ముక్కు మూసుకునే చరణం. ఙపి అంటే ఇక్కడ ప్రతి వంటింట్లో ఉండే పులిసిన చేపల ముద్ద. పిల్లలకు అన్నం పెడుతూ పాడతారు. మళ్లీ చేపే.

పాట మొత్తం వచ్చినది నాయనమ్మకు ఒక్కదానికే. ఇంట్లో పాడదు. ఏడాదికోసారి అమ్మోరి సంబరం రోజు, ఆడవాళ్లు ఘటాలు తలకెత్తుకున్నాకే పాడాలి. మొదలుపెడితే ఆపకూడదు. ఆగిందా, ఆ ఏడాదికి ఇక లేదు. ఫోన్‌లో రికార్డు చేస్తానని బతిమాలితే, "అమ్మోరు ఇనకుండా నీ ఫోను ఇనాలేటి?" అంది.

సరేనని పోయినేడు కరెంటున్నంతసేపూ ఫోన్ చార్జింగ్‌లో పెట్టి, సంబరంలో రికార్డింగ్ నొక్కి ఆవిడ పక్కనే నిలబడ్డాను. ఘటాలు లేచాయి. నాయనమ్మ పాట ఎత్తుకుంది. ఇంకా ఓడ కదలనే లేదు, గుడి కమిటీ పెద్ద, వరసకు పెదనాన్న, రెండో మైకు అందుకున్నాడు. జనరేటర్ ఇచ్చినవారికి, బిర్యానీ పెట్టినవారికి, కుర్చీలు వేయించినవారికి ముందు బర్మా భాషలో, తర్వాత తెలుగులో ధన్యవాదాలు. ఆచారం కాబట్టి ఆవిడ ఆపలేదు. కమిటీ కాబట్టి ఆయనా ఆపలేదు.

అయ్యాక చెప్పుకోవచ్చు కదా పెదనాన్నా అన్నాను.

"ఆ పాట ఎవులికి అర్దమవుతాదిరా? నీకవుతాదేటి?"

సగం అర్థం కాదు. అందుకే ఒళ్లు ఇంకా మండింది.

ఈ ఏడాది రెండో మైకు మీద నేనే కూర్చున్నాను. చాలా అసౌకర్యమైన ఆసనం. నాయనమ్మ ఎత్తుకుంది. తెరచాప లేచింది, ఒడ్డు కనుమరుగైంది. అక్కడ ఆగిపోయింది. ఘటాల కింద ఆడవాళ్ల మెడలు వణుకుతున్నాయి. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, మాట రావటం లేదు.

"ముందరికి ఎల్లటం లేదురా," అంది నాతో.

పెదనాన్న వచ్చి ఆవిడ భుజం తట్టాడు. "పోనీలే పిన్నీ, ఆ ఙపి చరణం పాడీ. జనాలకి అదే ఇష్టం."

పాడింది. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టిన చేతులన్నిటినీ కొరకాలనిపించింది. అంతమందికి నా పళ్లు చాలవని ఊరుకున్నాను.

ఇక ఉన్నది పోయినేటి రికార్డింగే. రోజూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాసుకుంటున్నాను. నాయనమ్మ గొంతు పైకి తేలినచోట మాటలు, పెదనాన్న ముంచినచోట బ్రాకెట్లు. గ్రీకువాళ్లకు తడి, చెద, మంటలు పట్టాయి. వాటికి కనీసం మైకు లేదు.

నిన్న నాయనమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఓడ రేవుకి సేరిందేటిరా?"

"ఇంకా లేదు నాయనమ్మా. పెదనాన్న కుర్చీల దగ్గరున్నాడు."