రెండో డబ్బా, ఐదో డబ్బా

మేం కెనడాలోని రెజైనాలో చదువుకునే రోజుల్లో ప్రతి విమానంలోనూ ఇంకొందరు తెలుగు పిల్లలు దిగుతుండేవారు, ఉద్యోగాలు మాత్రం ఉన్నన్నే ఉండేవి. అందుచేత ఎవరికి షిఫ్ట్ దొరికినా మిగతావాళ్లం నవ్వుతూ కంగ్రాట్స్ చెప్పి, గదికి వచ్చి కుళ్లుకునేవాళ్లం. ఆ పనిలో నన్ను మించినవాళ్లు లేరు.

గుంటూరులో జువాలజీ చదివినందువల్ల నాకు పాములూ బల్లులూ అమ్మే దుకాణంలో పార్ట్‌టైమ్ దొరికింది. యజమానురాలు డెబ్బై దాటిన తెల్లావిడ; ఆవిడకు తెలియకుండా మేం పెట్టుకున్న పేరు బామ్మ. వారాంతాల్లో ఇంకో మనిషి కావాలంటే నా రూమ్మేట్‌ని నేనే తీసుకెళ్లాను (నేను చేసిన కొద్దిపాటి మంచి పనుల్లో ఇదొకటి, వారంలోనే పశ్చాత్తాపపడ్డాను). వాడు చదివేది ఎంబీఏ. సిద్దిపేటవాడు కాబట్టి అందరం సిద్దిపేట అనే పిలిచేవాళ్లం.

దుకాణంలో రెండు రకాల చిన్న కొండచిలువలుండేవి: స్పాటెడ్ పైథాన్, చిల్డ్రన్స్ పైథాన్ (పిల్లల కోసం కాదు, ఎవరో పెద్దాయన పేరట). రెండూ ఆస్ట్రేలియావే, రెండింటి గోధుమరంగు ఒంటిమీదా ముదురు మచ్చలే. పెద్దయ్యాక చిల్డ్రన్స్ మచ్చలు వెలిసిపోతాయి గానీ, పిల్లలుగా ఉన్నప్పుడు నాకు రెండూ ఒకటే. పుస్తకం తిరగేసి, పొలుసులు లెక్కపెట్టి, చివరకు డబ్బా మీది చీటీ చదివేవాణ్ణి. సిద్దిపేట దూరం నుంచే చెప్పేసేవాడు. "ఎలారా?" అనడిగితే, "మచ్చ అంచు చూడరాదురా! సాఫ్‌గుంటే చిల్డ్రన్స్, చినిగినట్టుంటే స్పాటెడ్. మా నాయన మగ్గం మీద పువ్వు జూసినట్టే" అన్నాడు. నేనూ చూశాను. అన్నీ చినిగినట్టే కనిపించాయి. అప్పటినుంచి ఏ అనుమానం వచ్చినా బామ్మ నన్ను దాటుకుని వాడి దగ్గరకే వెళ్లేది.

వేసవికి ఒకే ఒక ఫుల్‌టైమ్ ఉద్యోగం ఉందని బామ్మ చెప్పింది. అది రానివాడు కెనడాలోనే ఇంకో మూలనున్న కేంబ్రిడ్జ్ వెళ్లి గోదాములో పెట్టెలు మోయాల్సిందే. అదే వారం ఎవరో ముసలాయన పెంచిన ఆరు పిల్ల పాములు అంకెలు వేసిన ఆరు డబ్బాల్లో వచ్చాయి. ఏది ఏ జాతో ఆయన రాసిన జాబితా బామ్మ జేబులో ఉంది. "ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. ఎక్కువ సరిగ్గా చెప్పినవారికే ఉద్యోగం" అంది.

ముందు సిద్దిపేట. జాతుల పేర్లు రాసిన పసుపు చీటీలు డబ్బాలకు అంటించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. బామ్మ ఫోన్‌లో ఉంది. నేను రెండో డబ్బా చీటీ ఐదోదానికి, ఐదోదాని చీటీ రెండోదానికి మార్చేశాను (రాయడానికి ఇప్పుడు తేలికే, అప్పుడు చీటీలు వేళ్లను వదల్లేదు).

బామ్మ జాబితా తీసి ఒక్కో డబ్బా చూస్తూ వచ్చింది. ఆరుకి ఆరూ సరైనవే! వాడు తప్పు పెట్టినవి సరిగ్గా ఆ రెండే. ముంచబోయి గట్టెక్కించాను.

బామ్మ చెయ్యి చాచింది. వాడు అందుకోలేదు. డబ్బాలవైపు చూసి, రెండూ ఐదూ తను తారుమారుగా పెట్టాననీ, సరిచేసింది నేననీ ఆవిడకు ఇంగ్లిష్‌లో చెప్పాడు. నావైపు తిరిగి, "సప్పుడు చెయ్యకుండ మార్చినవ్ గదరా! నా ఇజ్జత్ కాపాడినవ్" అన్నాడు. వాడి మొహంలో వెక్కిరింత కోసం వెతికాను. లేదు.

"అయితే నీకు పరీక్ష అక్కర్లేదు" అంది బామ్మ నాతో.

"అంటే?"

"ఉద్యోగం నీదే."

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. "థాంక్యూ" అని వచ్చింది.

వాడు కేంబ్రిడ్జ్ వెళ్లాడు. చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే ఏళ్లు గడిచాయి. నిరుడు వాడు పోయాడు. జబ్బు సంగతి కూడా నాకు చివర్లోనే తెలిసింది.

స్నేహితులందరం వీడియో కాల్‌లో కలిశాం. వాడితో తమకెంత చనువో ఒక్కొక్కరూ చెబుతుంటే అక్కడా కుళ్లుకుంటూ కూర్చున్నాను. నా వంతు రాకముందే వాడి తమ్ముడు, "పాముల షాపు అన్న మీరే గదా? మా అన్న తప్పు పెడితే మీరు సప్పుడు చెయ్యకుండ సరిచేసిన్రంట. మా పిల్లలకు గూడ ఇదే ముచ్చట చెప్తుండె" అన్నాడు.

"ఆ, నేనే" అన్నాను.

కుళ్లుకోవడానికి ఇక ఎవరూ లేరనుకున్నాను. ఒకడు మిగిలాడు: సిద్దిపేట ఆ పిల్లలకు చెప్పిన కథలోని రెజైనా కుర్రాడు, స్నేహితుడి తప్పు చూసి గొప్పలు పోకుండా దిద్దినవాడు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. నేను అలా ఉండి ఉంటే బాగుండేది.