ఇంటర్వ్యూ మధ్యలో టిఫిన్

ఇన్నేళ్లు బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసిన నన్ను, కాలేజీ పిల్లని అడిగినట్టు అంకెల్ని వరుసలో పేర్చే ప్రోగ్రాం రాయమన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్న కుర్రాడు. అమలాపురంలో మా ఇంటి నుంచే వీడియో ఇంటర్వ్యూ. గదిలోకి ఎవరూ రాకూడదని షరతు. ఒళ్లు మండుతున్నా టైపు చేస్తున్నాను.

ఇంతలో మా అత్తగారు పెసరట్టు తెచ్చి, తెరమీద అతన్ని చూశారు.

"బాబూ, టిఫిన్ చేసేరా అండీ?"

అప్పటిదాకా ఇంగ్లీషు తప్ప మాట్లాడనివాడు, "ఆయ్, ఇంకా లేదండీ" అనేశాడు.

"అయ్యో! ముందు తినేసి రండి. మా కోడలెక్కడికీ పోదు."

నిజంగానే కెమెరా ఆపేసి వెళ్లొచ్చాడు.

ఉద్యోగం రాలేదు. గదిలోకి వేరే మనిషి వచ్చారట! మండిపడుతూ అత్తగారికి చెప్పాను.

"ఇంతకీ ఆ అబ్బాయి తిన్నాడంటావా?"

"తిన్నాడండీ. మూతికి చట్నీ కూడా ఉంది."

"హమ్మయ్య" అన్నారావిడ.