దాపటికి అన్న గొంతు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచి ఒళ్ళు మంట. మాది మార్కాపురం పక్క పల్లె, చర్చికి ప్రార్థనకు పోయే ఇల్లు. ఎవరికన్నా గాలి సోకిందని ప్రార్థన నూనె రాయించుకోను వస్తే, ముందు ఆస్పత్రికి పోండి అని ఎగిరిపడేదాన్ని. ఇప్పుడు కూడా నమ్మను. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాల కదా. నమ్మితే నమ్మండి, లేకుంటే మానండి.

నేను చిన్న విమానం నడుపుతాను. అల్ట్రాలైట్ అంటారు. ముందొక సీటు, వెనకొక సీటు, అంతే. కూలికి మడక పట్టి చేను దున్నే ఇంట్లో పుట్టి ఇదేం పనే అని మా పేటలో అందరూ నవ్వినారు. నవ్వనీ అనుకున్నాను. హైదరాబాదు పక్కన నేర్చుకున్నాను.

ఎగరడం పెద్ద కష్టం కాదు, దిగడమే కష్టం. ఇంజన్ ఆగిపోతే ఏం చేయాలో మా సారు నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు నేర్పినాడు. వేగం పడిపోనీయొద్దు. గాలికి ఎదురుగా పోయే పొలం చూసుకో. దున్నిన చేనైతే సాళ్ళ వెంట దిగు, అడ్డంగా దిగితే చక్రం సాలులో తగులుకొని బోర్లా పడతావు. పెట్రోలు, ఇంజన్, కరెంటు స్విచ్చులన్నీ ఆపెయ్. ఇంక నేల దగ్గరికొచ్చినాక మాత్రం పక్కకు తిప్పినావా, రెక్క నేలకు తగిలి చచ్చినావే.

పోయిన వేసవిలో కాలువ పనుల కోసం పైనుంచి ఫొటోలు తీయాలంటే యర్రగొండపాలెం వైపు పోయినాను. వెనక సీట్లో ఫొటోలు తీసే బెంగాలీ ఆయన. నడివయసు మనిషి, ఇద్దరు పిల్లలు. తెలుగులో ఆయనకు వచ్చింది 'నీళ్ళు', 'చాలు', ఈ రెండు మాటలే.

పొద్దున తొమ్మిది దాటింది. ఉన్నట్టుండి ఇంజన్ పట్టేసింది. ఒక్క కుదుపు, అంతే, ఫ్యాను నిలిచిపోయింది. చుట్టూ చూస్తే జామాయిల్ తోటలు, రాళ్ళ గుట్టలు. ఒక్క చేను మాత్రం వేసవి దుక్కి దున్ని ఎర్రగా కనపడింది. సాళ్ళు కూడా గాలికి ఎదురుగానే ఉన్నాయి. దేవుడా అనుకొని ఆ చేనుకే తిప్పినాను.

వెనకాయన ఏదో గొణుగుతున్నాడు. ప్రార్థన అనుకుంటా. నేను చస్తే చస్తాను, ఆయన పిల్లలకు ఏం చెప్తారు అనే ఆలోచన ఒక్కటే తిరుగుతా ఉంది. స్విచ్చులన్నీ ఆపేసినాను. కరెంటు స్విచ్చు ఆపితే చెవులకు పెట్టుకున్న హెడ్‌సెట్ కూడా మూగబోతుంది. ఇది గుర్తు పెట్టుకోండి.

నేల ఇంక నాలుగు నిలువులుందనంగా విమానం ముక్కు కొంచెం పైకెత్తినాను. అట్ల ఎత్తితే ఎదురుగా ఏముందో కనపడదు. అప్పుడు హెడ్‌సెట్‌లో గొంతు వినపడింది.

"దాపటికి... దాపటికి పట్టు పాపా. మేడి వదలద్దు."

మెల్లగా కాదు, గట్టిగా, చెవిలో అరిచినట్టు. నేను ఆలోచించలేదు. తిప్పకూడని చోట ఎడమకు తిప్పినాను. ఎడమ రెక్క నేలకు జానెడు ఎత్తులో పోయింది. సర్దుకొని సాళ్ళ మీద దించినాను. గడ్డలు ఎగిరిపడినాయి, నడుము విరిగినంత పనయింది, బండి నిలబడింది.

దిగి వెనకాయన్ని దించినాను. నుదురు గీసుకపోయింది, అంతే. ఇద్దరం చేలో కూలబడి ఏడ్చినాము. సిగ్గేముంది, బతికినాము గదా.

కంది కట్టె ఏరుకుంటున్న ఒకాయన పరిగెత్తుకుంటా వచ్చినాడు. వచ్చీరాగానే, "అమ్మా, ఆ బాయి నీకు పైనుంచే కనపడిందా?" అన్నాడు.

ఏ బాయి అన్నాను. కుడిపక్కకు చెయ్యి చూపినాడు. మా చక్రాల గుర్తులకు రెండు బారల దూరంలో పాత మోటబాయి, ఒకప్పుడు ఎద్దులతో నీళ్ళు తోడిన బావి. గట్టు లేదు, చుట్టూ చిల్లకంప మొలిచి నేలకు సమంగా ఉంది. నేను తిప్పకుండా నేరుగా వచ్చుంటే నడిబాయిలో పడేవాళ్ళం.

బెంగాలీ ఆయన్ని హిందీలో అడిగినాను, నువ్వేమన్నా అరిచినావా అని. లేదన్నాడు. పోయి చూస్తే కరెంటు స్విచ్చు ఆపే ఉంది.

దాపట అంటే ఎడమవైపు, మడకకు ఎడమ ఎద్దును కట్టే పక్క. మేడి అంటే మడక పిడి. విమానం నేర్పే వాళ్ళెవరికీ ఈ మాటలు తెలీవు. మా నాయన దున్నేటప్పుడు ఈ మాటలే అరిచేవాడు. ఆ గొంతు కూడా ఆయనదే. చెప్పడానికి ఎందుకు తడబడతున్నానంటే, మా నాయన బతికే ఉన్నాడు. పక్షవాతం వచ్చి అప్పటికి రెండేళ్ళయింది. వచ్చిన రోజే మాట పడిపోయింది. మళ్ళీ ఒక్క మాట కూడా రాలేదు.

ఫోను తీసినాను. నేను చేసేలోపలే మా అమ్మ చేసింది. ఏడుపు, నవ్వు కలిసిపోయినాయి ఆమె గొంతులో. "పాపా, మీ నాయన మాట్లాడినాడే! దేవుడు విన్నాడే!" అంది.

ఏమన్నాడు అని నేను అడగకముందే ఆమే చెప్పింది. "అన్నం పెడతా ఉంటే గిన్నె తోసేసి, ఎద్దుల్ని అదిలించినట్టు దాపటికి, దాపటికి అని వీధంతా వినపడేటట్టు అరిచినాడు."

ఎప్పుడు అని నాలుగుసార్లు అడిగినాను. గడియారం చూడలేదంట. తొమ్మిది గంటల బస్సు పోయినాక అంది. అంతకంటే రుజువు నా దగ్గర లేదు.

యర్రగొండపాలెం వైపు చేలలో నాయన ఎప్పుడన్నా దున్నినాడా అని కూడా అడిగినాను. ఆ పక్క మొహమే చూడలేదు పో అంది. డాక్టరుకు చెప్తే, అప్పుడప్పుడు పాత మాటలు అట్ల బయటికి వస్తాయమ్మా అన్నాడు. సరే, అది ఒప్పుకుంటాను. మరి ఆపేసిన హెడ్‌సెట్‌లో నాకెట్ల వినపడింది? బాయి సంగతి ఆయనకెవరు చెప్పినారు? నేను ఎంత ఆలోచించినా తెగలేదు.

ఇంటికి పోయి ఆయన చెయ్యి పట్టుకొని అడిగినాను, ఎట్ల తెలిసింది నాయనా అని. నా మొహమే చూస్తా ఉన్నాడు. పెదవులు కదిలినాయి, శబ్దం రాలేదు. ఆ తర్వాత ఇంతవరకు మాట్లాడలేదు.

విమానం సంగతి అమ్మకు నేను చెప్పలేదు. ఆమె రోజూ తొమ్మిది గంటల బస్సు పోంగానే అన్నం గిన్నె పట్టుకొని ఆయన ముందర కూచుంటాది. "ఏమయ్యా, ఈసారి నన్నొక్కసారి పిలువు" అని అడుగుతాది. ఆయనకు మిగిలిన ఒక్క మాటా నాకోసం ఖర్చు పెట్టేసినాడేమోనని, ఆమెకు నేనెట్ల చెప్పేది?