మెట్ల మలుపులో మూడో డబ్బా

మేడ మీది గదిలో కూర్చుని పనిచేసుకునే అవకాశం నాకు ఒక నెల షరతు మీద దొరికింది. వినికిడి తక్కువగా ఉన్న పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే చిన్న సంస్థలో నేను పనిచేస్తాను. టీచర్ మాట్లాడుతుంటే కంప్యూటర్ ఆ మాటలను తెర కింద అక్షరాలుగా వేస్తుంది. అందులో వచ్చే తప్పులను అప్పటికప్పుడు దిద్దడం నా పని. నేను దిద్దకపోతే ఆ పిల్లలు తప్పునే పాఠమనుకుని చదువుకుంటారు. మా టీమ్ లీడ్, నాకంటే కొంచెమే పెద్దదైన ఒకావిడ, మొదట్లోనే స్పష్టంగా చెప్పింది. ఈ నెల నెట్ నిలకడగా ఉంటే ఇంటి నుంచే చేసుకోవచ్చు, లేకపోతే రోజూ ఆఫీసుకు రావాలి.

ఆఫీసు నగరానికి అటు చివర. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే చేరుకోవచ్చు, దూరం నా భయం కాదు. నలుగురూ కూర్చున్న బల్ల దగ్గర టిఫిన్ డబ్బా మూత తీయడం నా భయం. ఎవరో ఏం కూర తెచ్చుకున్నావని అడుగుతారు. నేను జవాబు వెతుక్కునేలోపు మాట ఇంకొకరి మీదికి వెళ్లిపోతుంది. పై గదిలో నా పుస్తకాలున్నాయి, డైరీ ఉంది, కిటికీ అవతల నీళ్ల ట్యాంకు ఉంది. నాకవి చాలనుకునేదాన్ని.

చిక్కల్లా ఆ గదికి వైఫై ఎక్కకపోవడం. మా ఇల్లు నాచారంలో. నాన్న ఒక ప్రభుత్వ పరిశోధనశాల వర్క్‌షాపులో లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వద్దన్నా స్లాబులో ఇనుము ఎక్కువ వేయించానని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. రిటైరయ్యాక ఆయనకు ఫోన్‌తో నడిచే వస్తువుల మీద మోజు పుట్టింది. గేటుకు కెమెరా వచ్చింది, వరండాలో చెబితే వెలిగే బల్బు వచ్చింది, సంపులోని మోటరుకు ఫోన్‌తో వేసే స్విచ్ వచ్చింది. అవన్నీ హాల్లో టీవీ పక్కనున్న ఒక్క రౌటర్ మీద ఆధారపడి బతికేవి. అమ్మ మాత్రం మోటరును చేత్తోనే వేసేది.

మెష్ వైఫై అనేది ఒకటుందని నేను చదివి తెలుసుకున్నాను. ఇంట్లో రెండు మూడు చోట్ల చిన్న డబ్బాలు పెడితే, అవి ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని ఇల్లంతా నింపుతాయట. అంతవరకు అర్థమైంది. ఆ తర్వాత ఎంత చదివితే అంత అయోమయం. రెండు బ్యాండ్లా, మూడు బ్యాండ్లా అన్న దగ్గర ఒక రోజంతా ఆగిపోయాను. ఒకే డబ్బాకు ఒకరు ఐదు స్టార్లిచ్చి మా ఇల్లు మారిపోయిందని రాశారు, వాళ్ల కిందే ఇంకొకరు ఒక్క స్టారిచ్చి చెత్తబుట్టలో వేశానని రాశారు. ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. నవలలో రెండు పాత్రలు ఒకే సంగతిని రెండు రకాలుగా చెబితే నాకు ఇష్టం. కొనాల్సిన వస్తువు గురించి చెబితే తల తిరిగింది.

చివరికి నాన్నతో ఉప్పల్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. మధ్యలో స్లాబు ఉంటే ఎన్ని డబ్బాలు కావాలని అడగాలనుకుని, ఆ ప్రశ్నను ఫోన్లో టైప్ చేసుకుని మరీ వెళ్లాను. దుకాణదారు ఎన్ని గజాల ఇల్లు సార్ అన్నాడు. అంతే, నాన్నకు ఉత్సాహం వచ్చింది. గజాలను అడుగుల్లోకి మార్చి, అట్టపెట్టె మీద రాసిన అడుగుల అంకెతో పోల్చి, రెండు డబ్బాలు కావలసినదానికంటే ఎక్కువేనని తేల్చాడు. ఇల్లు పైకి కూడా ఉందన్న మాట ఆ లెక్కలోకి రాలేదు. నా ప్రశ్న ఫోన్లోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చి కిందొకటి, పైనొకటి పెడితే, నడుమ స్లాబు అడ్డమై రెండు డబ్బాలూ ఒకదాన్నొకటి అందుకోలేదు. వాటిని పట్టుకుని మళ్లీ వెళితే దుకాణదారు నా వైపే చూశాడు.

"పైన రూమున్నదని ముందే జెప్తే అయిపోవు గదా మేడమ్."

వాటిని తీసుకుని వేరే కంపెనీది, మూడు డబ్బాల సెట్టు ఇచ్చాడు. ఒకటి హాల్లో, ఒకటి నా గదిలో, మూడోది రెండింటికీ నడుమ మెట్ల మలుపులో ఉన్న ప్లగ్ దగ్గర పెట్టాం. ఆ ఉదయం నా గదిలో వీడియో ఆగకుండా నడిచింది. నాన్న ఒక్కో మెట్టు మీదా నిలబడి ఫోన్లో వేగం చూసుకుని తృప్తిగా తల ఊపాడు.

మధ్యాహ్నం క్లాసు మధ్యలో నెట్ పోయింది. మర్నాడూ అదే వేళకు పోయింది. ఫోన్ డేటా పెట్టుకుని ఎలాగో నెట్టుకొచ్చాను. ఈలోపు తెర మీద తప్పులు తప్పులుగానే వెళ్లిపోయాయి. యాప్‌లో మధ్య డబ్బా ఎర్రగా కనిపించింది. క్లాసు వదిలి కిందికి దిగి చూసే వీల్లేదు. సాయంత్రం టీ వేళకు నాన్నా నేనూ కలిసి చూస్తే అది శుభ్రంగా వెలుగుతూ ఉండేది. నేను ఎండను అనుమానించాను. నీళ్లు సిగ్నల్‌ను ఆపుతాయని ఎక్కడో చదివి ట్యాంకును అనుమానించాను. నాన్న డబ్బాను అటు తిప్పి, ఇటు తిప్పి, దీని తయారీలోనే ఏదో తేడా ఉందని తేల్చాడు. లీడ్ ఫోన్ చేసి, ఇంకొక్కసారి పోతే సోమవారం నుంచి వచ్చేయమంది. సరేనన్నాను.

ఆ తర్వాతి రోజు టీచర్‌కు ఒంట్లో బాగాలేక క్లాసు చివరి నిమిషంలో ఆగిపోయింది. మంచినీళ్ల కోసం కిందికి దిగుతుంటే, భుజం మీద తువ్వాలతో నాన్న మెట్ల మలుపులో వంగి కనిపించాడు. ప్లగ్ స్విచ్ ఆపి, తిరిగి వెళ్లబోతున్నాడు.

"నాన్నా, అదెందుకు బంద్ జేసినవ్?"

"నువ్వు పైనుంటివి, మేం కిందుంటిమి. మెట్ల మీద ఎవ్వరున్నరని? ఉత్తగ కరెంటు కాలవెట్టుడేంది?"

"రోజూ జేస్తున్నవా?"

"పండుకునే ముందల జేస్త. లేసినంక ఏస్త."

వర్క్‌షాపులో ఆఖరున బయటికొచ్చే మనిషి అన్ని స్విచ్‌లూ దించి రావాలి. ఎన్నో ఏళ్లు ఆ పని నాన్నదే. ఇంట్లో కూడా మధ్యాహ్నం భోజనమయ్యాక గదిగదీ తిరిగి మనుషులు లేనిచోట అన్నీ ఆపి పడుకుంటాడు. అది మాకెంత అలవాటంటే నాకు తట్టనే లేదు. ఆయన ఆ డబ్బాను బల్బు లాంటిదనుకున్నాడు, ఉన్నచోటికే వెలుగు ఇస్తుందని. నేను అంత చదివి, చదివినదాంట్లో ఒక్క ముక్క కూడా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మెట్ల మీదే నిలబడి చెప్పాను. కింది డబ్బా మాట పై డబ్బాకు ఎలా అందుతుందో, నడుమది లేకపోతే ఏమవుతుందో, లీడ్ ఏమందో, సోమవారం సంగతి, అన్నీ. అంతసేపు ఆగకుండా మాట్లాడి చాలా కాలమైంది. నాన్న గడ్డం రుద్దుకుంటూ విన్నాడు.

"అంటే సంపుల నీళ్లు ఒక్క మోటరుకు పైదాంక ఎక్కకుంటే నడుమల ఇంకోటి పెట్టినట్టా?"

"గట్లనే."

"మరి నడుమది నేనే బంద్ వెడుతున్న."

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "పెండ్లయిన కొత్తల నేను రూముల ఉండంగనే ఫ్యాను బంద్ జేసిండు. డబ్బా ఒక లెక్కనా."

మర్నాటి క్లాసు వేళకు నాన్న పడుకోలేదు. వద్దన్నా వినకుండా పేపరు పట్టుకుని మెట్ల మలుపులో డబ్బా పక్కనే కూర్చున్నాడు. నెట్ ఒక్కసారి కూడా పోలేదు. ఆ వారమంతా అలాగే కాపలా కాశాడు. తన చేతి మీద తనకే నమ్మకం లేదో, డబ్బా మీద లేదో నాకు తెలియలేదు. మొదటి కంపెనీవే మూడు కొని ఉంటే అవీ ఇలాగే పనిచేసేవేమో, అదీ తెలియదు. ఎవరైనా ఏది మంచిదని అడిగితే ఇప్పటికీ జవాబు చెప్పలేను.

నెల గడువు ముగిసిన ఆ శనివారం క్లాసయ్యాక లీడ్ నుంచి మెసేజ్ వచ్చింది. దాన్ని చదువుకుంటూ దిగివచ్చి నాన్న కూర్చున్న మెట్టు మీదే కూర్చున్నాను. ఏమన్నరని అడిగాడు. ఇంటి నుంచే చేసుకొమ్మన్నారని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ అమ్మ ముఖం అలా లేదు.

"అంటే ఇగ కిందికి రావా బిడ్డా?"

వస్తా అన్నాను. నేను ఫోన్ పక్కన పెట్టి, నాన్న చేతిలోని పేపర్లో సగం తీసుకున్నాను. కాసేపటిదాకా పైకి వెళ్లలేదు.