గడి ముందర చెప్పులతో

నిన్న నల్లగొండ బస్టాండు పక్క దుకాణంలో కొత్త చెప్పుల జత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. దుకాణం అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు. అది తంగేడు చెక్క నీళ్లలో ఊరిన తోలు. ఆ వాసన తగిలిందంటే మా మేనమామ ఎల్లయ్య వచ్చి పక్కన కూర్చున్నట్టే.

మూడో తరగతిలోనే బడికి నా పీడ వదిలించినవాణ్ణి నేను. తోలుపని మామ దగ్గరే నేర్చుకున్నాను. పెళ్లయి పిల్ల పుట్టినా ఆయన లెక్కలో ఇంకా నేర్చుకునేవాడినే. ఎంత బాగా కుట్టినా, సైదులూ, కాళ్లకు కండ్లు లెవ్వు గనుక నీ చెప్పులు అమ్ముడు పోతున్నయనేవాడు.

ఊరందరికీ చెప్పులు కుట్టే ఆ మనిషి, దొర ఉండే కోటలాంటి గడి ముందరికి వచ్చేసరికి తన చెప్పులు విప్పి చేతబట్టుకుని నడిచేవాడు. మా వాడకట్టు అంతటికీ అదే కట్టడి. రజాకార్ల కాలం వచ్చాక గడిలో తుపాకులు కూడా చేరాయి.

ఆ వానాకాలంలోనే మామ కాళ్లకు నీరు పట్టింది. గుండె చెడిపోయిందనీ, బతుకమ్మ పండుగ దాకా ఉండడనీ దవాఖానలో చెప్పారు. తిరిగి వస్తూ బండిలో మామ ఏడవలేదు. తనకొక కొత్త జోడు కుట్టమన్నాడు. అవి తొడుక్కుని గడి ముందర నుంచి ఒక్కసారి నడుస్తాడట.

చేతులు వణకడంతో తోలు గుచ్చే ఆరె నాకిచ్చి, పక్కన కూర్చుని చెప్పేవాడు. మొదటి జోడు పూర్తయ్యేసరికి వాపు పెరిగి కాలు పట్టలేదు. రెండోదీ అంతే. నీ కాళ్లు గుమ్మడికాయలతో పందెం కట్టినయా మామా అంటే నవ్వాడు గానీ, మళ్లీ కొలత తీయమన్నాడు. యూనియన్ సైన్యం వస్తుందని ఊరంతా గుసగుసలు. దొర పారిపోయేదాకా జర ఆగమని బతిమిలాడాను.

"దొర పోయినంక నడిస్తే గోడకేం తెలుస్తదిరా?" అన్నాడు.

చావు ఖాయమైనవాడికి ఇంకేం భయంలే అని నోరు జారాను. మామ చేతిలోని తోలు ముక్క కింద పెట్టాడు.

"గట్లనుకోకు. రెండు నెలలే ఉన్నోనికి ఒక్కొక్క దినం బంగారం. నాకే ఎక్కువ భయం."

మూడో జోడు పట్టింది. పొద్దున అందరూ చూసే వేళ నా భుజం పట్టుకుని బయలుదేరాడు. గడి గోడ మొదలయ్యేసరికి నా చెప్పులు నాకు తెలియకుండానే చేతిలోకి వచ్చాయి. మామ ఆగి, "చేతుల మీద నడుస్తవారా?" అన్నాడు. తొడుక్కున్నాను.

గడి వాకిట్లో కాపలా జవాను లాఠీ ఎత్తి, ఎవరి అండ చూసుకుని చెప్పులు తొడిగారని గద్దించాడు. మామ లాఠీ వంక చూడలేదు. కాలు ముందుకు చాపాడు.

"మా సైదులు కుట్టిండు. గీ కుట్టు చూడు. జిల్లా మొత్తంల గిట్ల కుట్టేటోడు లేడు."

జవాను వంగి చూశాడు. మంచి పని చూపిస్తే ఎవడైనా చూస్తాడు మరి. వాడు నడుము ఎత్తేలోగా మేము గోడ చివర దాకా వచ్చేశాం. వెనక నుంచి తిట్లు వచ్చాయి గానీ లాఠీ రాలేదు.

సైన్యం రాకముందే మామ పోయాడు. దొర పారిపోయాక ఊరంతా చెప్పులేసుకుని ఆ దారిన తిరిగారు. వాళ్ల నడకకు నేను వంక పెట్టను. సగం జతలు నేను కుట్టినవే.

ఆ తర్వాత నా దగ్గర చాలామంది పని నేర్చుకున్నారు. ముఖం మీద ఎవరినీ మెచ్చుకోను, ఎగతాళి చేస్తాను. కానీ వాళ్లను చిన్నచూపు చూసే మనిషి ఎదురైతే, వాళ్ల పని ముందర పెట్టి, పేరు పెట్టి చెబుతాను.